మన బాలికలకు లెక్కలు రావా?

“మా అమ్మాయికి అన్నీ వస్తాయి గాని లెక్కలు మాత్రం రావండీ.” ఉపాధ్యాయ వృత్తియందు ప్రవేశించిన నాటినుండియు ఈ మాట మేము వినుచున్నాము. చెప్పువారు తల్లులు, చెప్పుచోటు బడి వరండా, చెప్పునప్పుడు ఆ బాలిక ప్రక్కనే నిలువబడి యుండును. చింతతో చెప్పువారు తక్కువ. పలువురు నవ్వుచునే చెప్పుదురు. “నాకూ రాలేదు, దీనికీ రాలేదు” అని కొందఱు దానికొక వంశపారంపర్యమును గూడ కల్పింతురు. తన బిడ్డకు చదువుట రాదని పదిమంది యెదుట ఏ తల్లియు నవ్వుచు చెప్పదు. వంట రాదని చెప్పవలసి వచ్చినను కొంచెము చిన్నబుచ్చుకొనును. లెక్కలు రావని చెప్పుటకు మాత్రము సంకోచము లేదు సరికదా, ఆడుపిల్లకు అది సహజమే యను తృప్తి యొకటి ఆ మాటలో ధ్వనించుచుండును.

సోదరీమణులారా, ఈ మాటను గుఱించియే మేము నేడు మీతో ముచ్చటింపదలచితిమి. మేము కోస్తా జిల్లాలోని యొక చిన్న పట్టణమున బాలికల ఉన్నత పాఠశాలయందు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు గణితము బోధించుచు ఇరువది సంవత్సరములు దాటినవి. ఇన్నాళ్ళలో లెక్కలయందు చురుకైన బాలికలను చూచితిమి, మందగించిన వారిని చూచితిమి. కాని ఆ శాస్త్రమునెడ భయముతో పుట్టిన బాలికను ఒక్కతెనైనను చూడలేదు. భయము తరువాత వచ్చి చేరునది. వచ్చి చేరినది గనుక పంపివేయుటకును వీలుగలది.

ఈ భయమువలన కలుగు నష్టము చిన్నది కాదు. మన రాష్ట్రములందు పదవ తరగతి ముగియు నాటికి బాలికకు పదునైదేండ్ల ప్రాయము. గణితమున 35 మార్కులు వచ్చిన గట్టెక్కితిమని ఇంటిల్లిపాదియు నిట్టూర్పు విడుతురు. వెంటనే ఇంటర్మీడియటున ఏ గ్రూపు తీసికొనవలెనను ప్రశ్న వచ్చును. ఎం.పి.సి. అనగానే “దానికి లెక్కలు రావు గదా” అను మాట సిద్ధముగా నుండును. ఆ యొక్క మాటతో ఇంజనీరింగు, గణాంకశాస్త్రము మొదలగు చదువుల త్రోవలు పెక్కు ఆ బాలికకు మూసికొనిపోవును. మూసినవారెవరో ఆమెకు తెలియదు. తనకు బుద్ధి చాలదని తలచి ఊరకుండును. చదువు సంగతి యటుండగా, రేపు ఇల్లు నడుపవలసినదియు ఆమెయే. బ్యాంకు అప్పు కాగితము మీదను, చీటీపాట పుస్తకము మీదను, నగల దుకాణమున తరుగు, మజూరీ వేసి యిచ్చిన బిల్లు మీదను ఉన్నవి ఈ లెక్కలే గదా! అవి చదువుకొనలేని స్త్రీ ఎదుటివాడు చెప్పిన మొత్తమునకు తల యూపవలసినదే.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. పేరు చెప్పము. ఆమె తల్లి గుడివీధిలో పూలు అమ్ముకొనుచుండెడిది. బడి విడిచిన పిమ్మట బాలికయు అచటనే కూర్చుండి మాలలు కట్టుచుండెడిది. ఒకనాటి సాయంకాలము మేము ఆ అంగడికడ మూడు మూరల మల్లెలును, రెండు మూరల కనకాంబరములును తీసికొంటిమి. మల్లెలు మూర 25 రూపాయలు. కనకాంబరములు మూర 35. మేము 500 రూపాయల నోటు ఇయ్యగా, చేతిలోని దారమునుండి కన్నెత్తకయే “145 అయ్యాయి టీచర్, అమ్మా, 355 ఇవ్వు” అని ఆ పిల్ల చెప్పెను. అంతలో మఱియొకామె అయిదు మూరల మల్లెలు నూఱు రూపాయలకిమ్మని బేరమాడెను. “అయిదుకు 125 అండీ. మూరకు మూడు తగ్గించి 110 ఇవ్వండి” అని బాలిక తడువుకొనక జవాబు చెప్పెను. కాగితము లేదు, సెల్‌ఫోను లేదు.

మఱునాడు తరగతిలో బీజగణితము. x విలువ 25, y విలువ 35 అయినచో 3x + 2y విలువ ఎంత యని నల్లబల్లమీద వ్రాసితిమి. నిన్నటి మల్లెలు, కనకాంబరములే అవి. ఆ బాలిక పుస్తకమున ప్రశ్న దించుకొని, క్రింద గీత గీసి, కలము మూసి కూర్చుండెను. కారణమడుగగా “నాకు రాదు టీచర్” అనెను. ఆ మాట పలికిన తీరు మాకు పరిచితమే. వరండాలో తల్లులు పలుకు తీరు అదియే.

ఇది మా బాలిక యొక్కతె కథ గాదు. బ్రెజిలు దేశమున రెసిఫె యను నగరమందు వీధులలో కొబ్బరికాయలు, పండ్లు మున్నగునవి అమ్ముకొను పిల్లలను కొందఱు పండితులు పరిశీలించి 1985లో ఫలితములను ప్రకటించిరి. పరిశీలింపబడినది అయిదుగురు బాలబాలికలే గాని, తెలిసిన సంగతి గొప్పది. బేరముమీద అడిగిన లెక్కలకు వారు నూటికి 98 వంతున సరియైన జవాబులు చెప్పిరి. ఆ లెక్కలనే కాగితముమీద కేవలము అంకెలుగా వ్రాసి యిచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరిగా చేయగలిగిరి. మన దేశమునను కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను గుఱించి యిట్టి పరిశీలనయే జరిగి 2025లో ‘నేచర్’ అను శాస్త్రపత్రికలో వెలువడినది. అంగడిలో చిక్కు లెక్కలను నోటితో చేయగల పిల్లలు బడి లెక్కకడ తడబడిరి. బడిలో లెక్కలు నేర్చి అంగడి యెఱుగని పిల్లలు బజారు లెక్కకడ తడబడిరి. ఇరువురి జ్ఞానము నడుమను వంతెన లేదు. ఆ వంతెన కట్టుటయే గణితోపాధ్యాయుల ముఖ్యమైన పని యని మా నమ్మకము.

వంతెన లేనిచోట బాలిక సూత్రములను వల్లెవేయును. సగమును మూడవవంతును కూడినచో ఎంత యని అడుగుడు. పైనున్న ఒకటిని ఒకటిని కూడి, క్రిందనున్న రెండును మూడును కూడి, అయిదింట రెండువంతులని వ్రాయు బాలికలు పదవ తరగతియందును కలరు. అదే బాలిక చేతికి సగము కొబ్బరిచిప్పయు, దానిపై మూడవవంతు ముక్కయు ఇచ్చి, ఇప్పుడు నీకడనున్నది సగముకంటె ఎక్కువా, తక్కువా యని అడిగిన నవ్వును. అయిదింట రెండు సగముకంటె తక్కువ గదా! కొబ్బరిచిప్పయందు ఎన్నడు తప్పని బుద్ధి కాగితముమీద ఏల తప్పినది? కాగితముమీదిది తన వస్తువు గాదని ఆమె తలచుటయే కారణము. పూర్వము మన యిండ్లలో రెండు సోలలు తవ్వయనియు, రెండు తవ్వలు మానికయనియు, అర, పావు, ముప్పావు అనియు పిల్లలు ఆటలలోనే నేర్చుకొనెడివారు. నేడు బియ్యము సంచులతో వచ్చుచున్నవి. కొలత చూచు కన్ను పిల్లలకు బడిలోనే తెఱవవలసి యున్నది.

మేమొకనాడు పాఠ్యపుస్తకము మూయించి ముగ్గు వేయుడని చెప్పితిమి. ఏడు చుక్కలు, ఒకటి వచ్చువఱకు, సందు చుక్క. ఈ మాటలు మీకు వివరింపనక్కఱలేదు. నడుమ ఏడు చుక్కల వరుస, పైకి ఆఱు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, క్రిందికిని అట్లే. బాలికలందఱును క్షణములో చుక్కలు పెట్టిరి. మొత్తము చుక్కలెన్ని యని అడిగితిమి. లెక్కించి 49 అనిరి. అయిదు చుక్కల ముగ్గునకు? 25. మూడు చుక్కలదానికి? 9. పది చుక్కలదానికి ఎన్ని యగునని అడుగగా, వేయకయే “నూరు” అని తరగతి యంతయు నొక్క గొంతుకతో చెప్పెను. మంచిది, ఎందుకు? ఈ ప్రశ్నకు ఎవ్వరును నోరు మెదపలేదు. మేమును చెప్పలేదు. రేపటికి ఆలోచించి రండని పంపివేసితిమి.

మఱునాడు గంట కొట్టకమునుపే పూలమ్మి కుమార్తె మా బల్లయొద్దకు వచ్చెను. పుస్తకమున ముగ్గు చుక్కలు పెట్టుకొని వచ్చినది. పుస్తకమును మూలగా త్రిప్పి మా యెదుట నుంచి, “ఇట్లా చూడండి టీచర్. ఇది ముగ్గు కాదు, నలుచదరం. వరుసకి ఏడు చుక్కలు, ఏడు వరుసలు” అనెను. వాస్తవమే. పైకొనకును ప్రక్కకొనకును నడుమనున్న ఏటవాలు గీత వెంబడి చూచినచో ఏడేసి చుక్కల వరుసలు ఏడు కనబడును. ఏడేడులు నలుబదితొమ్మిది. ఒకటినుండి ఏడువఱకు ఎక్కి మరల ఒకటికి దిగిన మొత్తము ఏడేడులే యగుటకు కారణమిదియే. ఎన్ని చుక్కల ముగ్గునకైనను ఇదియే. సోదరీమణులారా, గణితశాస్త్రమున ఉపపత్తి యనబడునది ఇదియే సుమీ! తరతరములుగా మన తల్లులు తెల్లవాఱి వాకిట పెట్టుచున్న చుక్కలలో అది యున్నది.

ఆ ముగ్గునే మేము మఱునాటి పాఠమునకును వాడుకొంటిమి. ఏడును మూడు, నాలుగుగా విడదీసి, మూడు వరుసల పిమ్మట అడ్డముగా నొక గీతయు, మూడు చుక్కల పిమ్మట నిలువుగా నొక గీతయు గీయించితిమి. ఒక మూల 9 చుక్కలు, ఎదురుమూల 16, మిగిలిన రెండు గదులలో పండ్రెండేసి. a, bల మొత్తమును వర్గము చేసినచో a వర్గము, b వర్గము మాత్రమే వ్రాసి, నడిమి పదమును విడిచిపెట్టుట ఈ తరగతులలో మిక్కిలి తఱచుగా జరుగు పొరపాటు. తొమ్మిదియు పదునాఱును కూడిన ఇరువదియైదు. ముగ్గులో చుక్కలు నలుబదితొమ్మిది. “మిగిలిన ఇరవైనాలుగు చుక్కలు ఎక్కడ పోయినవి?” అని మేమడుగగా పిల్లలందఱును ఆ రెండు గదులను వ్రేలితో చూపిరి. నడిమి పదమును మఱచిన బాలిక పుస్తకమున ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట మాని, ‘చుక్కలెక్కడ?’ అని వ్రాయుట నాటినుండి మాకలవాటైనది.

నోరు తెఱచిన పిల్ల మరల మూయదు. ఋణసంఖ్యల పాఠము పునశ్చరణ చేయుచున్న దినమున, బ్రహ్మగుప్తుడు 628వ సంవత్సరమున వ్రాసిన గ్రంథమున సున్నకు ఎక్కువైన సంఖ్యలను ధనమనియు, తక్కువైనవానిని ఋణమనియు పేర్కొని వాని కూడిక, గుణకారములకు నియమములు చెప్పెనని వివరించితిమి. మన పాఠ్యపుస్తకములందు ధనసంఖ్యలు, ఋణసంఖ్యలు అను పేర్లు నేటికిని నిలిచియున్నవి. ఋణమును ఋణముచే హెచ్చించిన ధనమెట్లగునని పిల్లలకు ఎల్లప్పుడును అనుమానమే. దినమునకు 200 రూపాయలు నష్టపోవు ఇంట నాలుగు దినముల నష్టమును తీసివేసినచో 800 రూపాయలు మిగులును గదా యని చెప్పితిమి. అప్పుడా బాలిక లేచి, “మా అమ్మకు రోజూ పోయేది సరిగ్గా 200 టీచర్” అనెను.

ఆమె చెప్పిన సంగతి యిది. తల్లి తెల్లవాఱుజామున పూల కొనుగోలునకై 900 రూపాయల చొప్పున రెండప్పులు తెచ్చును. సాయంకాలము ఒక్కొక్కదానికి 1,000 చొప్పున 2,000 తీర్చును. మఱునాడు మరల అదియే. నూటికి పది వడ్డీ యని తల్లి నమ్మకము. తరగతియు నూటికి పదియే యనెను. “కాదు. ఇచ్చింది 900 మాత్రమే. దానిమీద 100 అంటే నూటికి పదకొండు రూపాయల పదకొండు పైసలు. అదీ ఒక్క రోజుకి” అని ఆ బాలిక నల్లబల్లమీద చేసి చూపెను. నెలకు 26 దినముల అమ్మకమునకు వడ్డీ 5,200 రూపాయలు. తరగతిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. పెక్కుమంది యిండ్లలో ఇట్టి యప్పులే యుండెను.

ఆ రాత్రి బాలిక మఱియొక లెక్క వేసికొనినది. దినమునకు 45 రూపాయలు ప్రక్కన పెట్టగలిగినచో 20 దినములకు 900 అగును. అప్పటినుండి రెండప్పులకు బదులు ఒక్కటియే చాలును. అటుపిమ్మట మిగిలిన 100 వడ్డీయు కలిసి దినమునకు 145 చొప్పున చేరును గనుక ఏడు దినములలో రెండవ 900 గూడ దొరకును. మొత్తము 27 దినములు. తరువాత అప్పే లేదు.

నాలుగు దినముల పిమ్మట తల్లి మా బడికి వచ్చెను. పదవ తరగతి కాగానే పిల్లను మాన్పింతునని అంతకుమునుపు మాతో చెప్పిన తల్లియే. “పంతులమ్మగారూ, మా పిల్ల చెప్పేది నిజమేనా? నన్ను మోసం చేసినట్టేనా ఇన్నాళ్ళూ?” అని యడిగెను. మేము జవాబు చెప్పక, బాలికను పిలిచి మరల చెప్పుమంటిమి. ఆమె బల్లమీద సుద్దముక్కలను పేర్చి, ఒక్కొక్క ముక్క నూఱు రూపాయలనుకొనుమని తల్లికి అంతయు వివరించెను. తల్లి సాంతము విని, “మరి వాన పడితే?” అనెను.

బాలికకు జవాబు తోచలేదు. వానపడిన దినమున పూలు అమ్ముడుపోవు. అమ్ముడుపోనివి మఱునాటికి పనికిరావు. ఆ దినమున 45 మిగులుట యటుంచి, అప్పు తీర్చుటకే చాలదు. బాలిక లెక్కలో ప్రతిదినమును ఎండయే. మేమా తల్లి ముఖమును చూచి యాశ్చర్యపడితిమి. లెక్క ఏ యాధారముమీద నిలిచినదో, ఆ యాధారము చెడినచో ఏమగునో అడుగుట గణితమున నేర్వవలసిన పాఠములలో పెద్దది. బడి మొగము చూడని ఆ స్త్రీ దానిని సుద్దముక్కలముందు నిలిచి అడిగినది. ఇట్టి తల్లిని లెక్కలు రాని మనిషి యని ఎట్లందుము?

తల్లియు బిడ్డయు కూర్చుండి వానలు, అమావాస్యలు, శుక్రవారములు, పెండ్లిముహూర్తములు అన్నియు వేసికొని లెక్క మార్చుకొనిరి. 27 దినములని వేసినది నెరవేఱుటకు మూడు నెలలు పట్టినది. నడుమ నొకసారి తమ్మునికి జ్వరము వచ్చి కూడబెట్టినదంతయు ఖర్చయ్యెను. ఐనను శ్రావణమాసపు రద్దీనాటికి పూలు తమ సొంత సొమ్ముతోనే కొనుచుండిరి. పదవ తరగతిలో బాలికకు గణితమున 68 మార్కులు వచ్చినవి. మాన్పింతునన్న తల్లియే ఎం.పి.సి.లో చేర్పించినది. మొదటి సంవత్సరము గణితమున ఒక పేపరు తప్పినది. మరల వ్రాసి గట్టెక్కినది. ఇప్పుడు డిగ్రీలో గణాంకశాస్త్రము చదువుచున్నది.

ఇంటి మాట పిల్లలపై నెంత పనిచేయునో తెలుపు పరిశీలన యొకటి కలదు. అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలను, వారి తల్లిదండ్రులను పరీక్షించి 2015లో దానిని ప్రకటించిరి. లెక్కలన్న జంకు గల తల్లిదండ్రులు ఇంటిలెక్కలకు తఱచుగా సాయము చేసినచోట పిల్లలు ఆ సంవత్సరము గణితమున తక్కువ నేర్చుకొనిరి. వారికిని జంకు పెరిగెను. అట్టి తల్లిదండ్రులు అంతగా సాయము చేయనిచోట ఈ నష్టము కనబడలేదు. అనగా సాయముతోపాటు జంకు గూడ చేతులు మాఱుచున్నదన్న మాట. చిన్నపిల్లల సంగతియే యిట్లుండగా, ప్రతిమాటయు మనసున నాటు పదునాలుగేండ్ల బాలిక సంగతి వేఱుగ చెప్పవలెనా?

మాట యొక్క బలము మఱియొకరి కథలో గూడ కనబడును. ఇరాను దేశమున పుట్టిన మరియం మిర్జాఖానీ టెహ్రాను నగరమున మాధ్యమిక పాఠశాలయందు చేరిన తొలియేట గణితమున వెనుకబడినది. తనయందు విశేషమైన ప్రతిభ యున్నదని నాటి యుపాధ్యాయిని తలపకపోవుటచే తన ధైర్యము సడలినదని ఆమె పెద్దయైన పిమ్మట చెప్పుకొనినది. మఱుసటి సంవత్సరము ప్రోత్సహించు ఉపాధ్యాయిని దొరకగా బాలిక తేఱుకొనినది. గణితశాస్త్రమున అత్యున్నతములలో నొకటిగా నెన్నబడు ఫీల్డ్స్ పతకము 1936నుండి ఇయ్యబడుచున్నది. దానిని పొందిన మొదటి స్త్రీ 2014లో ఈ మిర్జాఖానీయే. 2017లో నలుబదియేండ్ల ప్రాయముననే ఆమె మరణించినది. రెండవ స్త్రీ యుక్రెయిను దేశీయురాలైన మెరీనా వ్యాజోవ్‌స్కా, 2022లో. ఆ తొలియేటి అపనమ్మకమే నిలిచిపోయి యున్నచో లోకము కోల్పోయెడిది ఎవరినో తలచుకొనుడు.

మనవారిలో కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పేరు మీరు వినియుందురు. 1920లో పుట్టి 2023లో పరమపదించిన ఆ మహనీయుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రమున కృషిచేసి జగద్విఖ్యాతుడయ్యెను. ఆయన తన గ్రంథములలో నొకదానిని తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమొసగినారు. బాల్యమున ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు తనను మేల్కొలిపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించినది ఆ తల్లియని అందు స్మరించినారు. కుమారునికి ఆమె యిచ్చిన దానిలో ఆయన కడవఱకు మఱువనివి ప్రశాంతమైన యొక గంట కాలమును, ఒక దీపమును.

ఆ గంట కాలమే మన బాలికలకు దొరకుటలేదు. పదవ తరగతి చదువు కుమారునికి ట్యూషను పెట్టించి, తలుపు దగ్గఱగా వేసి, “అన్న చదువుకొంటున్నాడు, చప్పుడు చేయకు” అని చెప్పు నింటనే, అదే తరగతి చదువు కుమార్తె అంట్లు తోమి, తమ్ముని నిద్రపుచ్చి, తొమ్మిది గంటలకు కునికిపాట్లు పడుచు పుస్తకము తెఱచును. గణితము అలసిన బుద్ధికి లొంగునది కాదు. కథ చదివినట్లు దానిని చదువుటకు వీలులేదు. కలము పట్టి చేసి, తప్పి, మరల చేయవలెను. తప్పుటకు గూడ తీరిక కావలెను.

తల్లులు బీజగణితము నేర్చుకొని పిల్లలకు పాఠము చెప్పవలెనని మేము కోరుట లేదు. మేము కోరునవి చిన్న పనులు. బాలిక వినుచుండగా ఆమెకు లెక్కలు రావని ఎవ్వరితోడను అనకుడు, ఇతరులన్నను ఊరకుండకుడు. ఆమె చేసిన లెక్కను చూచి ‘ఎంత వచ్చినది?’ అని యడుగుటకు బదులు ‘ఎట్లు వచ్చినది?’ అని యడుగుడు. సరియైన జవాబు మీకు తెలియనక్కఱలేదు. మీకు తెలియునట్లు చెప్పుటకు ప్రయత్నించుటలోనే ఆమెకు తన తప్పు తోచును. నెలసరుకుల పద్దు ఆమె చేతికిండు. ఈ నెల పాలకెంత యగునో ముందుగా ఉజ్జాయింపుగా చెప్పించి, పిదప లెక్క కట్టించుడు. ఊహకును లెక్కకును ఎంత తేడా వచ్చెనో ఆమెనే చూచుకొననిండు. దుకాణమున తరుగు నూటికింతయని వేసినచో బిల్లు ఆమెకు చూపి, సరిగా నున్నదా యని యడుగుడు. సెల్‌ఫోనులో నొక్కినచో జవాబు వచ్చును. కాని ఏది నొక్కవలెనో, వచ్చినది నమ్మదగినదో కాదో ఫోను చెప్పదు.

బడికి వచ్చినప్పుడు మార్కులు మాత్రమే అడిగి పోకుడు. మీ యమ్మాయి తరగతిలో ప్రశ్న లడుగుచున్నదా యని మమ్మడుగుడు. కారణము చెప్పక సూత్రము మాత్రమే చెప్పుచున్నారేమని అడిగినను మాకు కోపము రాదు. ప్రశ్నలు, జవాబులు అచ్చువేసిన గైడును కంఠస్థము చేయించి మార్కులు తెప్పించుట సులభమే. కాని అంకెలు మార్చి అడిగిన దినమున ఆ బాలిక మరల ‘నాకు రాదు’ అనును. ఆ మాటను ఆమె నోటినుండి పోగొట్టుట బడివలన సగమే యగును. తక్కిన సగము ఇంటిలో జరుగవలెను.

భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన గణితగ్రంథమునకు లీలావతి యని స్త్రీపేరు పెట్టెను. అందలి లెక్కలు పెక్కు ఒక బాలికను పిలిచి, చెప్పుమని యడిగినట్లే యున్నవి. ఆమె యెవరైనను కానిండు. ఆడుపిల్లను లెక్క యడుగుట ఈ దేశమున కొత్తగాదని చెప్పుటకు అది చాలును.

ఈ సంవత్సరము మీ యింట పదవ తరగతి చదువు బాలిక యున్నచో, గ్రూపు నిర్ణయించు దినమువఱకు ఆగవలదు. ఈ రాత్రియే అంట్లపని మఱియొకరికి అప్పగించి, ఆమె ప్రక్కన కొంచెముసేపు కూర్చుండుడు. ఆమె నేడు చేసిన లెక్కలలో నొకదానిని మీకు తెలియజెప్పుమని యడుగుడు. అర్థము కానిచోట ‘మరి వాన పడితే?’ అని పూలమ్మి యడిగినట్లు, మీకు తోచిన ప్రశ్నను సంకోచింపక యడుగుడు.